దశమభాగం ఇవ్వలేకపోతే దొంగతనమా?

ప్రశ్న: మాది ఖమ్మం జిల్లా. మా ఆయన ఆటో నడుపుతారు, నేను ఇంట్లో మిషన్ కుడతాను. ఇద్దరు పిల్లలు. మా సంఘంలో ప్రతి ఆదివారం వాక్యం అయ్యాక దశమభాగం (సంపాదనలో పదోవంతు కానుక) కవర్లు ఇచ్చినవారి పేర్లు మైకులో చదువుతారు. మా పేరు రాని వారం తల ఎత్తుకోలేకపోతున్నాను. పోయిన ఏడాది మందిరం స్లాబు కోసం పది వేలు ఇస్తానని కూటంలో చెయ్యెత్తాను. నూటికి మూడు రూపాయల వడ్డీకి ఐదు వేలు తెచ్చి కట్టాను. మిగతా ఐదు వేలు ఎప్పుడిస్తారని అడుగుతున్నారు. ఇవ్వకపోతే దేవుని దగ్గర దొంగిలించినట్టేనని పాస్టర్ గారు అన్నారు. రెండు నెలలుగా ఆరాధనకు వెళ్లడం మానేశాను. పెద్దమ్మాయికి సంబంధాలు చూస్తున్నాం. రేపు పెళ్లి చెయ్యమంటే చెయ్యరేమో అని కూడా భయంగా ఉంది. ఏం చెయ్యమంటారు?

సమాధానం: సహోదరీ, వందనాలు. మీరు అడిగినదానికి ముందు సూటిగా జవాబు. కాదు, అది దొంగతనం కాదు. బియ్యం, బడి ఫీజు, అప్పు కిస్తీ పోగా చేతిలో ఏమీ మిగలని నెలలో కవరు వెయ్యకపోవడం పాపం కాదు. వడ్డీకి తెచ్చి కానుక వెయ్యమని బైబిల్లో ఎక్కడా లేదు. వచ్చే ఆదివారం మామూలుగా వెళ్లి మీ చోట మీరు కూర్చోండి. కానుకల సంచి వచ్చినప్పుడు పది రూపాయలుంటే పది వేయండి, లేకపోతే పక్కవారికి అందించండి. రెండు నెలలు ఆరాధనకు, ప్రభువు బల్లకు (రొట్టె, ద్రాక్షారసం పుచ్చుకునే సంస్కారానికి) దూరమయ్యారే, మీ ఉత్తరంలో మాకు అన్నిటికన్నా బాధ కలిగించింది అదే.

ఇప్పుడు ఆ దొంగతనం మాట ఎక్కడిదో చూద్దాం. అది మలాకీ 3:8లోది. దాని తర్వాత 10వ వచనంలో పదియవ భాగమంతా మందిరపు నిధిలోకి తెమ్మని ఉంది. ఆ రెండు వచనాలూ మనవాళ్లకు కంఠతా వచ్చు. కానీ అదే అధ్యాయం 5వ వచనం మైకులో అంతగా వినపడదు. కూలివాళ్లనూ విధవరాళ్లనూ తండ్రిలేని పిల్లలనూ బాధపెట్టేవారి మీద నేనే సాక్షిగా నిలబడతానని దేవుడు అక్కడ అంటున్నాడు. 8వ వచనం చదివి వినిపించేవారు 5వ వచనం కూడా చదవాలి. దశమభాగం ఎందుకు పెట్టారో అప్పుడు అర్థమవుతుంది.

మోషే ధర్మశాస్త్రంలోని దశమభాగం ధాన్యం మీద, ద్రాక్షారసం మీద, నూనె మీద, పశువుల మంద మీద. మందిర సేవ చేసే లేవీయులకు భూమిలో వాటా లేదు కాబట్టి వారి పోషణకు దాన్ని ఇచ్చారు (సంఖ్యాకాండము 18). ద్వితీయోపదేశకాండము 14వ అధ్యాయం చివరి వచనాలు ఒక్కసారి మీరే తీసి చదవండి. మూడేళ్లకోసారి ఆ పదియవ భాగాన్ని ఊళ్లోనే ఉంచాలి, లేవీయుడితో పాటు పరదేశి, తండ్రిలేనివాడు, విధవరాలు వచ్చి తిని తృప్తి పొందాలి. అంటే పంటా మందా లేని పేదలు ఆ దశమభాగాన్ని పుచ్చుకునే వరుసలో ఉన్నారు. బలుల విషయంలోనూ అంతే. గొర్రెపిల్ల తేలేనివాడు రెండు గువ్వలు తేవచ్చు, అదీ కుదరకపోతే కొంచెం గోధుమపిండి చాలు (లేవీయకాండము 5). యేసు పుట్టినప్పుడు మరియ, యోసేపులు దేవాలయానికి తెచ్చింది ఆ పేదల అర్పణే అని లూకా 2:24 చెబుతోంది.

కొత్త నిబంధనలో అపొస్తలుడైన పౌలు చందా పోగుచేసిన పద్ధతి ఇంకా స్పష్టంగా ఉంది. ప్రతి ఆదివారం ఎవరి వర్ధిల్లుబడిని బట్టి వారు తమ దగ్గర కొంత తీసి ఉంచుకోవాలి, తాను వచ్చాక పోగుచెయ్యడం ఉండకూడదు అన్నాడు (1 కొరింథీయులకు 16:2). ఎంత ఇవ్వాలో ఇంట్లో, ముందే తేలిపోవాలన్నమాట. కూటంలో సంగీతం వాయిస్తూ చేతులు ఎత్తించే పద్ధతికి ఇది సరిగ్గా ఎదురు. సణుగుతూనో బలవంతంగానో వద్దు, హృదయంలో నిశ్చయించుకున్న ప్రకారం ఇవ్వండి అన్నాడు (2 కొరింథీయులకు 9:7). ఉన్నదాన్ని బట్టే గానీ లేనిదాన్ని బట్టి కాదు అనే మాట అదే ఉత్తరం 8:12లో ఉంది.

ఇంకో వైపు కూడా చెప్పాలి. దశమభాగం నేటి విశ్వాసులకూ వర్తిస్తుందని మనస్ఫూర్తిగా నమ్మే పాస్టర్లు చాలామంది ఉన్నారు. సంతోషంగా పదోవంతు తీసి పెట్టే కుటుంబాలూ చాలానే ఉన్నాయి. వారిని తప్పుపట్టే పని లేదు. సంఘానికి డబ్బు కావాలి. కరెంటు బిల్లు, మైకు సెట్టు, చాపలు, హాలు అద్దె, పాస్టర్ గారి ఇంట్లో బియ్యం అన్నీ విశ్వాసుల కానుకల మీదే నడుస్తాయి. ఇవ్వగలిగినవారు క్రమంగా ఇవ్వాలి. అయితే ఎంతన్నది కుటుంబం తేల్చుకోవాలి, మైకు తేల్చకూడదు.

అందుకని ఈ నెల మీ ఆయనా మీరూ ఒక రాత్రి కూర్చుని కాగితం మీద లెక్క రాయండి. ఎక్కువమంది తడబడేది ఆదాయం దగ్గరే. ఆటో మీద రోజుకు 1,200 వస్తే అది ఆదాయం కాదు. డీజిల్‌కు 400, బండి ఫైనాన్స్‌కు 250, రిపేర్లకు పక్కన పెట్టే 50 పోతే మిగిలే 500 ఆదాయం. 1,200లో పదోవంతు తీస్తే 120 అవుతుంది. అది మీ అసలు సంపాదనలో నాలుగోవంతుకు దగ్గర. బట్టలు కుట్టిన డబ్బులోనూ దారం, లైనింగు, కరెంటు తీసేశాకే మీ కూలి.

ఉదాహరణకు నెలలో 25 రోజులు ఆటో తిరిగితే 12,500, మిషన్ మీద 6,000, మొత్తం 18,500 అనుకుందాం. ఇంటి అద్దె 4,500, కిరాణా కూరగాయలు 6,500, బడి 2,500, డ్వాక్రా కిస్తీ 2,000, గ్యాసు కరెంటు ఫోన్లు 1,500, మందులు 700. ఇవి కలిపితే 17,700. మిగిలేది 800. పదోవంతు ఇవ్వాలంటే 1,850 కావాలి. తక్కువపడిన 1,050 ఎక్కడి నుంచి వస్తుంది? కిస్తీ ఎగ్గొట్టాలి, ఫీజు ఆపాలి, లేదా అప్పు చెయ్యాలి. తల్లిదండ్రులకు చెందాల్సింది దేవునికి అర్పితం అని చెప్పి ఎగ్గొట్టేవారిని యేసు మార్కు 7లో గట్టిగా మందలించాడు. ఇంటివారిని పోషించనివాడు అవిశ్వాసికన్నా చెడ్డవాడని 1 తిమోతి 5:8. కాబట్టి ఈ ఇంటికి వారానికి 50, నెలకు 200 అంటే చిన్న కానుక కాదు. మిగిలిన దాంట్లో అది నాలుగోవంతు. మీ అసలు అంకెలు వేసి చూసుకోండి. అలా తేలిన కానుక మొత్తాన్ని నెల మొదట్లోనే నాలుగు చిన్న కవర్లలో పెట్టి బైబిల్ దగ్గర ఉంచండి. ఆదివారం ఒక్క కవరే తీసుకెళ్లండి, పర్సు ఇంట్లో పెట్టి వెళ్లండి. ఫోన్‌పే ఉన్నా ఆరాధన జరుగుతుండగా స్కాన్ చెయ్యకూడదని నియమం పెట్టుకోండి. భావోద్వేగంలో పంపిన డబ్బు గురించే ఇళ్లలో సోమవారం గొడవలవుతాయి.

స్లాబు మొక్కుబడి సంగతి. మొక్కుకుని తీర్చకపోవడంకన్నా మొక్కుకోకపోవడమే మేలని ప్రసంగి 5:5లో ఉంది. అడిగేవారు ఆ వచనమే చూపిస్తారు. వారికి మీరు లేవీయకాండము 27:8 చూపించండి. మొక్కుకున్నవాడు నిర్ణయించిన వెల చెల్లించలేనంత బీదవాడైతే యాజకుని ఎదుటికి రావాలి, యాజకుడు వాని కలిమిని బట్టి వెలను మళ్లీ నిర్ణయించాలి అని అక్కడ రాసి ఉంది. మొక్కుబడిని తగ్గించే దారిని ధర్మశాస్త్రమే ఇచ్చింది. ఆ దారిలోనే వెళ్లండి. తప్పించుకు తిరగొద్దు, ఎదురుపడి చెప్పండి. ముందు తెచ్చిన ఐదు వేలకు నెలకు 150 చొప్పున ఏడాదికి 1,800 వడ్డీ కడుతున్నారు. అసలు అలాగే ఉంది. మొదట తీరాల్సింది ఆ అప్పు. అది తీరేదాకా స్లాబుకు ఒక్క రూపాయి కూడా కొత్తగా ఒప్పుకోకండి.

నిర్గమకాండము 36లో ప్రత్యక్ష గుడారం (ఇశ్రాయేలీయుల ఆరాధన గుడారం) పనికి జనం తెచ్చినది సరిపోయి ఇంకా మిగులుతోందని పనివాళ్లు చెబితే, ఇక ఎవరూ తేవద్దని మోషే పాళెమంతా చాటించాడు. మన దగ్గర నిర్మాణ నిధికి ఆ ‘ఇక చాలు’ అనే గీత ఎక్కడా కనపడదు. ఎస్టిమేట్ ఎంత, వచ్చింది ఎంత, సిమెంటుకూ ఇనుముకూ ఎంత అయింది అనే మూడు అంకెలు గోడమీద రాసిపెడితే సగం ఒత్తిడి దానంతటదే తగ్గుతుంది. మెదక్ చర్చి కరువు రోజుల్లో ఆకలితో ఉన్నవాళ్లకు పని ఇచ్చి, ఆ పనికి తిండి పెడుతూ కట్టించిన మందిరం. 1924 డిసెంబరు 25న దాని ప్రతిష్ఠ జరిగింది. బీదవాడికి కూడు పెడుతూ కూడా మందిరం లేస్తుంది.

పాస్టర్ గారితో మాట్లాడటానికి ఆదివారం ఆరాధన అయిన వెంటనే వెళ్లొద్దు. అప్పుడు ఆయన చుట్టూ పదిమంది ఉంటారు, మాట తప్పుగా పోతుంది. వారం మధ్యలో సాయంత్రం మీ ఆయనా మీరూ కలిసి వెళ్లండి. వీలైతే మీరంటే అభిమానమున్న సంఘ పెద్ద ఒకరినీ, లేకపోతే పాస్టరమ్మ గారినైనా కూర్చోబెట్టుకోండి. మాట ఇలా ఉండాలి: ‘అయ్యగారూ, స్లాబుకు పది వేలు ఒప్పుకున్నది మా స్థితి చూసుకోకుండా ఒప్పుకున్నాం. ఐదు వేలు వడ్డీకి తెచ్చి కట్టాం, ఆ అప్పు ఇంకా తీరలేదు. మిగతాది ఇవ్వలేం. వారానికి మాకు చేతనైనంత సంచిలో వేస్తాం. దయచేసి లిస్టులో మా పేరు కొట్టేయండి, మైకులో మా పేరు చదవొద్దు.’ అంతే. నెమ్మదిగా చెప్పి, ప్రార్థన చేయించుకుని లేచి రండి. ఇదే సందర్భంలో సంఘం లెక్కలు అడగొద్దు. రెండూ కలిపితే ‘ఇవ్వడం ఇష్టం లేక లెక్కలు అడుగుతున్నారు’ అనే మాట పుడుతుంది, మీ మొదటి విన్నపం పక్కకు పోతుంది. లెక్కల సంగతి వేరే రోజు పెద్దలంతా కూర్చున్నప్పుడు మాట్లాడాలి.

ఆయన కోప్పడితే? చాలా ఇండిపెండెంట్ సంఘాల్లో పాస్టర్ గారికి నెల జీతం ఉండదు. ఆ వారం సంచిలో పడినదే ఆయన ఇంటి అద్దె, ఆయన పిల్లల ఫీజు. అటువంటప్పుడు వాక్యం చెప్పే నోటితోనే డబ్బు అడగాల్సి వస్తుంది, అడిగినకొద్దీ గొంతు పెరుగుతుంది. మనిషి చెడ్డవాడు కానక్కర్లేదు, ఏర్పాటే అలా ఉంది. పెద్దలు కలిసి ఆయనకు ఒక మొత్తం నిర్ణయించి, నెలకొకసారి బ్యాంకు ద్వారా ఇచ్చి, కానుకల ప్రకటన ఇంకొకరి చేత చేయిస్తే ఆ బలవంతం చాలావరకు పోతుంది. సి.ఎస్.ఐ. (దక్షిణ ఇండియా సంఘం), లూథరన్ వంటి పాత సంఘాల్లో ఒత్తిడి ఇంకో దారిన వస్తుంది. డయాసిస్‌కో సినడ్‌కో (సంఘాల పైనుండే పాలక మండళ్లకు) కట్టాల్సిన వాటా మీద పడుతుంది, సభ్యత్వ చందా బకాయిల పట్టీ తీస్తారు. చందా బాకీ ఉంటే కమిటీ ఎన్నికల్లో ఓటు పోవచ్చు. ఓటు వేరు, ప్రభువు బల్ల వేరు. బాకీ ఉందని బల్ల దగ్గరికి రానివ్వకపోవడానికి వాక్యంలో ఆధారం లేదు. కతోలిక సంఘంలోనైతే 1983 నాటి ధర్మశాసన సంహిత 848వ నియమం స్పష్టంగా ఉంది. నిర్ణయించిన కానుకకు మించి గురువు (ఫాదర్) ఏమీ అడగకూడదు, పేదరికం వల్ల ఎవరూ సంస్కారాలకు దూరం కాకుండా చూడాలి.

పేర్లు చదవడం గురించి ఒక మాట. కుడిచెయ్యి చేసింది ఎడమచేతికి తెలియకూడదని మత్తయి 6:3. బంగారు ఉంగరం పెట్టుకున్నవాడికి మంచి చోటు, మురికి బట్టలవాడికి నేల ఇవ్వడం తప్పని యాకోబు 2. పేర్లు చదివితే లెక్క పక్కాగా ఉంటుందని పెద్దలు చెప్పే కారణం నిజమే, దానికి వేరే మార్గం ఉంది. కవరు మీద పేరు బదులు నంబరు వేసి, ఆ నంబర్ల పుస్తకం ట్రెజరర్ దగ్గరా ఇంకో పెద్ద దగ్గరా మాత్రమే ఉంచాలి. ఇచ్చినవారికి రసీదు, సంఘానికి మొత్తం అంకె మాత్రం చెప్పాలి. సంచి తిప్పడం మాని గుమ్మం దగ్గర పెట్టె పెట్టిన సంఘాలూ ఉన్నాయి.

లెక్కల కోసం పెద్దల సభలో ఏం అడగాలంటే, ఆరాధన అయ్యాక డబ్బును పాస్టర్ గారి ఇంట్లో కాకుండా మందిరంలోనే, ఒకరికొకరు బంధువులు కాని ఇద్దరో ముగ్గురో లెక్కించాలి. ఐదు వందలు, రెండు వందలు, వందలు ఇలా నోట్ల వారీగా చీటీ రాసి, రెండు ప్రతుల మీద అందరూ సంతకాలు పెట్టాలి. సోమవారం ఆ మొత్తం ఒక్క రూపాయి తగ్గకుండా బ్యాంకులో పడాలి. అన్ని చోట్లా చెడేది ఇక్కడే. కుర్చీల అద్దె, అతిథి పాస్టర్ గారి దారి ఖర్చు సంచిలోంచే ఇచ్చేస్తారు, మిగిలినదే పుస్తకంలో రాస్తారు. మూడు నెలలు తిరిగేసరికి ఏ ఆదివారం ఎంత వచ్చిందో ఎవరూ చెప్పలేరు. దొంగతనం జరగకపోయినా అనుమానం పుడుతుంది. అనుమానం వచ్చినవారు ఇవ్వడం తగ్గిస్తారు. తగ్గిందని మైకులో ఇంకా గట్టిగా అడుగుతారు. పౌలంతటివాడే చందా డబ్బును ఒంటరిగా మోసుకెళ్లలేదు. ఎవరూ తప్పుపట్టకుండా సంఘాలు ఏర్పరచిన మనిషిని వెంటబెట్టుకున్నాడు (2 కొరింథీయులకు 8:19–21). మీ సంఘం సొసైటీగా రిజిస్టరై ఉంటే 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ఏటా సర్వసభ్య సమావేశం పెట్టి లెక్కలు చూపాలి. క్యూఆర్ కోడ్ గోడకు అంటించి ఉంటే స్కాన్ చేసినప్పుడు ఏ పేరు వస్తుందో చూడండి. సంఘం పేరు రావాలి. వ్యక్తి పేరు వస్తే అది ఆయన సొంత ఖాతా. అక్కడ పడిన డబ్బుకు సంఘం పుస్తకంలో చోటుండదు. చర్చికి ఇస్తే పన్ను తగ్గుతుందని ఎవరైనా చెబితే రసీదు మీద ఆదాయపు పన్ను మినహాయింపు (80జి అని పిలిచేది) నంబరు ఉందేమో చూడాలి. ఒకే మతం వారి కోసం నడిచే సంస్థలకు మామూలుగా ఆ మినహాయింపు దొరకదు.

కొన్ని చోట్ల మాత్రం మెత్తగా మాట్లాడి లాభం లేదు, అక్కడి నుంచి లేచి రావాలి. ఇంత విత్తితే ఇంత వస్తుందని రేటు చెప్పడం, ప్రార్థన నూనెకు ధర పెట్టడం, చేతి గాజులు తీసి వెయ్యమనడం, కానుక ఇస్తే రోగం పోతుంది మందులు ఆపెయ్యమనడం. కుష్ఠు పోయిన నయమాను వెండి బంగారాలు ఇవ్వబోతే ప్రవక్త ఎలీషా ముట్టుకోలేదు. వెనకాలే పరుగెత్తి పుచ్చుకున్న ఆయన సేవకుడు గేహజీకి ఏమైందో 2 రాజులు 5లో ఉంది. బీపీ, షుగరు బిళ్లలు ఏ కూటంలో ఎవరు చెప్పినా ఆపకండి.

ఇక అమ్మాయి పెళ్లి. ఈ భయంతోనే చాలా కుటుంబాలు నోరు మూసుకుని ఇస్తున్నాయి. సమాధుల తోటలో చోటు దొరకదేమోనన్న భయం కూడా దీనికి తోడు. పెళ్లి విషయంలో మీరు ఒక్క పాస్టర్ గారి మీదే ఆధారపడి లేరు. 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టం కింద లైసెన్సు ఉన్న ఏ పాస్టరైనా, ఎపిస్కోపల్ పద్ధతిలో (బిషప్ చేత) అభిషేకం పొందిన గురువైనా పెళ్లి చెయ్యవచ్చు. ఆ చట్టం కింద నియమించిన మ్యారేజ్ రిజిస్ట్రార్ కూడా చెయ్యవచ్చు. లేదంటే 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద సబ్-రిజిస్ట్రార్ ఆఫీసులో నోటీసు ఇచ్చి, 30 రోజుల తర్వాత రిజిస్టర్ చేయించుకుని, ప్రార్థన ఏ సంఘంలోనైనా పెట్టుకోవచ్చు. అసలు మీ పాస్టర్ గారికి వివాహ లైసెన్సు ఉందా లేదా అన్నది కూడా ఇప్పుడే అడిగి తెలుసుకోండి. లైసెన్సు లేనివారు చేసిన పెళ్లికి తర్వాత సర్టిఫికెట్ దగ్గర, పాస్‌పోర్టు దగ్గర చిక్కులొస్తాయి. సమాధి స్థలం సంగతి పెద్దల సభలోనే అడిగి, తీర్మానం పుస్తకంలో రాయించండి. చందా బాకీ ఉన్నా ఏ కుటుంబానికీ భూస్థాపన ఆపకూడదని ఒక్క వాక్యం చాలు. అమ్మాయి పెళ్లి తేదీ ఖాయం చేసుకోకముందే ఈ రెండూ తేల్చుకోండి.